ఇంటి కష్టం, పిల్లవాడి కడుపునొప్పి



ఈ వారం పాఠాన్ని మా విచారణలో కొంతకాలం క్రితం జరిగిన ఒక సంగతితో ప్రారంభిస్తాను. పిల్లవాడి పేరు గాని, తండ్రి పనిచేసిన సంస్థ పేరు గాని చెప్పను. వాటితో మనకు పనిలేదు. వాడికి తొమ్మిదేళ్లు. ఆదివారం సత్యోపదేశ తరగతిలో ముందు వరుసలో కూర్చుని, ప్రశ్న పూర్తికాక ముందే చెయ్యి ఎత్తేవాడు. దివ్యపూజలో పీఠం దగ్గర సేవ చేసే పిల్లలందరిలోకీ చిన్నవాడు. గంట మోగించే పని తనకే కావాలని పేచీ పెట్టేవాడు. అలాంటివాడు ఒక వానాకాలంలో మెల్లగా వెనుక వరుసకు జరిగాడు. పీఠ సేవకు రావడం మానేశాడు. ఒకరోజు పక్క పిల్లవాడి జామెట్రీ పెట్టెను కిటికీలోంచి బయటకు విసిరేశాడు. ఎందుకు విసిరావురా అంటే సమాధానం లేదు.

తర్వాతి ఆదివారం పూజ అయ్యాక తల్లి వచ్చింది. "టీచర్ గారూ, వీడికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి అండీ. స్కూలు బస్సు వచ్చే వేళకు మెలికలు తిరిగిపోతాడు. బస్సు వెళ్లిపోయిన గంటకు తగ్గిపోతుంది. డాక్టరు గారు స్కానింగు కూడా తీయించారు, ఏమీ లేదన్నారు. నాటకాలాడుతున్నాడని వాళ్ల డాడీ నిన్న రెండు తగిలించారు కూడా" అంటూ కళ్లు తుడుచుకుంది. ఇంట్లో ఈమధ్య ఏమైనా మార్పు వచ్చిందా అమ్మా అని అడిగాను. "ఏమీ లేదండీ" అంది. కాసేపు ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. భర్త ఉద్యోగం పోయి మూడు నెలలైంది. పిల్లలకు తెలియకూడదని ఆయన రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయలుదేరి, సాయంత్రం దాకా స్నేహితుడి గదిలో కూర్చుని దరఖాస్తులు పంపుకుంటూ, మామూలు వేళకు ఇంటికి వస్తున్నాడు.

"వాడికి ఏమీ తెలియదు టీచర్ గారూ. మేం చాలా జాగ్రత్తగా ఉన్నాం" అంది.

తెలియకపోవడమా! వాడిని విడిగా కూర్చోబెట్టి, బొమ్మలు గీయిస్తూ, అవీ ఇవీ మాట్లాడిస్తే రెండో వారానికి బయటపడింది. "డాడీ మెడలో కార్డు ఉండట్లేదు టీచర్" అన్నాడు ముందుగా. ఆఫీసు కార్డు మెడలో లేకుండా తండ్రి గడప దాటడం వాడు మొదటిరోజే గమనించాడు. తర్వాత ఇంకో మాట. "పుట్టినరోజుకు గేర్ల సైకిలు కావాలని అడిగాను. ఆ రాత్రే డబ్బుల గురించి అమ్మ, డాడీ కొట్లాడుకున్నారు. అప్పట్నుంచే..." అని ఆగిపోయాడు. తాను సైకిలు అడగడం వల్లనే ఇల్లు ఇలా అయిపోయిందన్న నేరాన్ని ఆ పసివాడు మూడు నెలలుగా ఒంటరిగా మోస్తున్నాడు.

తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది: ఆ కడుపునొప్పి నాటకం కాదు. మెదడుకూ పేగులకూ మధ్య నరాల సంబంధం చాలా దగ్గరిది. భయం కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలు పెరుగుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కడుపు బిగుసుకుంటుంది. మనకు ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు కడుపులో తిప్పదా? పెద్దవాళ్లం కాబట్టి "టెన్షన్‌గా ఉంది" అంటాం. తొమ్మిదేళ్లవాడికి ఆ మాట అందదు. వాడి శరీరమే వాడి తరఫున మాట్లాడుతుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేవి బండరాళ్లూ తుప్పలే. అక్కడి నుంచి గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా అద్దాల భవనాలు సాగిపోయాయి. వాటి వెంట మనవాళ్లూ వచ్చారు. గుంటూరు, కృష్ణా, ఖమ్మం, నల్లగొండ, వరంగల్ జిల్లాల పాత విచారణల్లో జ్ఞానస్నానం పొందినవాళ్లు ఇవాళ కొండాపూర్‌లో, మియాపూర్‌లో, చందానగర్‌లో పిల్లల్ని పెంచుతున్నారు. వీరిలో చాలామంది నెలజీతం మీద బతికే మొదటి తరం వాళ్లు. నాన్న వ్యవసాయం చేసినవాడు. పంట పోతే ఊరంతటికీ పోయేది, అందరికీ తెలిసేది, అందరూ కలిసి తిట్టుకునేవారు. ఉద్యోగం పోవడం అలా కాదు. అది ఒక్కడికే వస్తుంది, తలుపులు మూసిన ఫ్లాటులోకి వస్తుంది. పైగా నెల తిరిగేసరికి ఇంటి అప్పు వాయిదా కట్టాలి.

ఈ ప్రాంతం ఇలాంటి కుదుపులు చాలా చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, ఏళ్ల తరబడి ఖాతాల్లో లేని డబ్బు ఉన్నట్లు చూపించామని ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడింది. ఆ సంస్థలో యాభై వేల మందికి పైగా పనిచేస్తున్నట్లు అప్పట్లో చెప్పుకునేవారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వచ్చేదాకా ఆ ఇళ్లలో ఎవరికీ సరిగా నిద్రలేదు. తర్వాత 2020లో కరోనా. ఆపైన 2022 చివర, 2023 మొదట్లో అమెజాన్ 18,000 మందిని, గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని ప్రపంచవ్యాప్తంగా తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. ఈ మూడింటికీ మన నగరంలో పెద్ద కార్యాలయాలున్నాయి. వార్తాపత్రికలు ఉద్యోగుల సంఖ్య రాస్తాయి. ఆ ఇళ్లలో రాత్రుళ్లు దుప్పటి కింద మేలుకుని వింటున్న పిల్లల సంఖ్య ఎవరూ రాయరు.

ఇంతకీ తండ్రి ఉద్యోగం పోతే పిల్లవాడు ఎందుకు మారతాడు? డబ్బు తగ్గడం వల్లనా? ఈ ప్రశ్నను ఓపికగా పరిశీలించిన వాడు గ్లెన్ ఎల్డర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త. 1929లో మొదలైన గొప్ప ఆర్థిక మాంద్యంలో అక్కడ లక్షల కుటుంబాలు ఒక్కసారిగా చితికిపోయాయి. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ పట్టణంలో 1920, 1921 సంవత్సరాల్లో పుట్టిన 167 మంది పిల్లల వివరాలను పరిశోధకులు ఆ రోజుల్లోనే నమోదుచేసి పెట్టారు. ఆదాయంలో మూడో వంతుకు మించి పోగొట్టుకున్న ఇళ్ల పిల్లలను, అంతగా నష్టపోని ఇళ్ల పిల్లలతో ఎల్డర్ పోల్చి చూశాడు. వారు పెరిగి పెద్దయి ఉద్యోగాలు, పెళ్లిళ్లు చేసుకున్న కాలం దాకా వెంబడించి 1974లో 'చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేట్ డిప్రెషన్' అనే పుస్తకం ప్రచురించాడు. తర్వాత కూడా సహచరులతో కలిసి ఆ పని కొనసాగించాడు.

అతనికి కనిపించింది ఇది. డబ్బు పోవడం నేరుగా పిల్లవాడిని తాకడం తక్కువ. అది ముందు తండ్రిని తాకుతుంది. తండ్రి చిరాకు మనిషి అవుతాడు. నిన్న నవ్వి ఊరుకున్న తప్పుకు ఇవాళ చెంప పగలగొడతాడు, రేపు పట్టించుకోడు. ఏది తప్పో ఏది కాదో పిల్లవాడికి అంతుపట్టకుండా పోతుంది. పిల్లవాడిలో కనిపించిన మొండితనం, కోపం, భయం చాలావరకు ఈ దారిగుండానే వచ్చాయి. తండ్రి నిబ్బరంగా ఉన్న ఇళ్లలో, భార్యాభర్తల మధ్య మాట చెడని ఇళ్లలో, అంతే డబ్బు పోయినా పిల్లలు అంతగా దెబ్బతినలేదు. అమెరికావాడు లెక్కలు వేసి చెప్పినదాన్ని మన అవ్వలు ఏనాడో ఒక్క ముక్కలో చెప్పారు: అత్త మీద కోపం దుత్త మీద. ఆ దుత్త ఎవరో మన ఇళ్లలో వేరే చెప్పాలా?

తండ్రులను నిందించడానికి ఇది రాయడం లేదు. పదిహేనేళ్లు తెల్లవారుజాము దాకా పనిచేసిన మనిషికి ఒక ఉదయం కంప్యూటరు తెరుచుకోదు, ఫలానా గంటకు మీటింగు అంటారు, పావుగంటలో అయిపోతుంది. ఆయన అవమానం చిన్నది కాదు. కాని ఆ అవమానం ఇంట్లో ఎవరి మీద దిగుతోందో ఆయనే కనిపెట్టుకోవాలి. భార్య చెబితే మరింత కోపం వస్తుంది. తల్లి ఉద్యోగం పోయినా జరిగేది ఇంతే; దానికి తోడు "పోతే పోయిందిలే, పిల్లల్ని చూసుకో" అనే బంధువుల మాట ఒకటి. ఆ మాట పడ్డ తల్లి పిల్లల్ని ఎలా చూసుకుంటుందో ఊహించండి.

ఎల్డర్ పరిశీలనలో ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. ఓక్లండ్ పిల్లలు మాంద్యం వచ్చేనాటికి కాస్త ఎదిగినవాళ్లు. ఇల్లు కష్టంలో పడినప్పుడు మగపిల్లలు బయట చిన్న చిన్న పనులకు వెళ్లారు, ఆడపిల్లలు వంట, ఇల్లు చూసుకున్నారు. తమ అవసరం ఇంటికి ఉందని తెలిసిన ఆ పిల్లలు పెద్దయ్యాక చాలామంది నిలకడగా జీవించారు. అదే పక్కనున్న బర్క్‌లీ పట్టణంలో 1928, 1929లో పుట్టి, ఇంటి కష్టాన్ని మరీ పసితనంలో చూసినవారిలో, ముఖ్యంగా మగపిల్లల్లో, దెబ్బ లోతుగా తగిలింది. అంటే ఒకే కష్టం అన్ని వయసుల మీదా ఒకేలా పనిచేయదు.

మన ఇళ్లలోనూ అంతే. నాలుగేళ్ల పిల్ల అయితే వెనక్కి వెళుతుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. బొటనవేలు నోట్లోకి వస్తుంది. ముద్దుముద్దు మాటలు తిరిగివస్తాయి. తల్లి కొంగు వదలదు. దీన్ని గారాబం అనుకుని కసురుకుంటే ఇంకా వెనక్కి పోతుంది. ఎనిమిది, పదేళ్ల పిల్లలు మన కుర్రవాడిలాగా కడుపునొప్పి, తలనొప్పి, చదువులో వెనుకబాటు, చిన్న చిన్న దొంగతనాలు చూపిస్తారు. జరిగినదానికి తామే కారణమని అనుకోవడం ఈ వయసులో చాలా సాధారణం. పదమూడు దాటినవాళ్లు గది తలుపు వేసుకుంటారు, తెల్లవారేదాకా ఫోను చూస్తారు, అడిగితే విరుచుకుపడతారు. కొందరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒక్కసారిగా బుద్ధిమంతులైపోతారు. ఏమీ అడగరు, చెప్పకముందే అంట్లు తోముతారు, తమ్ముడిని నిద్రపుచ్చుతారు. అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఈ పిల్లలను చూస్తేనే ఎక్కువ దిగులు. తమకూ భయంగా ఉందని చెప్పుకునే చోటు వాళ్లకు ఎక్కడా ఉండదు.

ఉద్యోగం ఉన్న ఇళ్లలోనూ ఒక మార్పు మనం సరిగా చూడటం లేదు. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తారు కాబట్టి బిడ్డను ఏడాది నిండగానే ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదులుతారు. ఎల్‌కేజీ వేళకు తీసుకువస్తారు. "ఇక మన ఇంటికి వచ్చేశాడు" అని తల్లిదండ్రుల సంబరం. కాని వాడి దృష్టిలో? వాడు ఇల్లు వదిలి వచ్చాడు. వాడికి తెలిసిన అమ్మ అమ్మమ్మే, వాడికి తెలిసిన ఆకాశం ఆ పెరట్లోదే. పదకొండో అంతస్తులో, ఇద్దరు కొత్త మనుషుల మధ్య, పగలంతా పనిమనిషి దగ్గర ఉంటాడు.

తల్లిని విడిచి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చిన పసిపిల్లలను 1950 ప్రాంతంలో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ అనే ఇద్దరు పరిశోధకులు దగ్గరగా గమనించారు. మొదట పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. తర్వాత ఏడుపు సన్నగిల్లి దిగులుగా మూలన కూర్చుంటాడు. ఆ తర్వాత ఎవరు వచ్చినా పలుకుతాడు, బొమ్మలు తీసుకుంటాడు. తల్లి వస్తే మాత్రం మొహం తిప్పుకుంటాడు. ఆసుపత్రివాళ్లు ఆ మూడో దశను చూసి "పిల్లవాడు అలవాటు పడ్డాడు" అనుకునేవారు. నిజానికి వాడు ఆశ వదులుకున్నాడు. 1952లో రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప మీద చిన్న చలనచిత్రం తీసి వైద్యులకు చూపించాడు. తల్లిదండ్రులను పిల్లల దగ్గర ఉండనివ్వాలన్న మార్పు ఆసుపత్రుల్లో రావడానికి అది ఎంతో తోడ్పడింది. మన పిల్లవాడు అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి పదిరోజులు ఏడ్చి, పదకొండో రోజు నుంచి నిశ్శబ్దంగా టీవీ చూస్తుంటే, సంతోషించే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి. మొదటి నెలైనా అమ్మమ్మను వెంట తెచ్చుకోండి. వాడు అక్కడ కప్పుకున్న పాత బొంతను కూడా తెచ్చుకోండి; కొత్త కంబళి దానికి సాటిరాదు.

కరోనా కాలం దీనికి మరో రూపం. 2020 మార్చి మధ్యలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు వచ్చాయి. ప్రాథమిక తరగతుల పిల్లలు తిరిగి బడిలో అడుగుపెట్టింది 2021 సెప్టెంబరులోనే. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరవలసిన బిడ్డ తిన్నగా రెండో తరగతి బెంచీ మీద కూర్చుంది. దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవారు 2018లో నూటికి 27 మంది ఉంటే, 2022లో 20 మందే ఉన్నారని 'అసర్' సర్వే తేల్చింది. చదువు సంగతి అలా ఉండగా, అమ్మానాన్నలు రోజంతా ఇంట్లోనే ఉన్నా వాళ్ల గది తలుపు మూసే ఉండేది. "ష్... కాల్‌లో ఉన్నాను" అన్న మాట విని పెరిగిన పసివాళ్లు ఇప్పుడు బడికి వెళుతున్నారు. పక్కపిల్లవాడితో బొమ్మ పంచుకోవడం రాని పిల్లలను చూసి నర్సరీ టీచర్లు విసుక్కుంటుంటే, వీళ్లకు పంచుకోవడానికి పక్కపిల్లవాడు ఎప్పుడు దొరికాడు అని అడగాలనిపిస్తుంది.

ఈ అద్దాల భవనాలను కట్టినవారి పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సైట్ల వెనుక రేకుల షెడ్లలో ఉండేది పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, జార్ఖండ్, బీహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి స్టేషను నుంచే బయలుదేరింది. 2020 మే 1 తెల్లవారుజామున దాదాపు 1,200 మందితో అది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. ఆ వైపు ఛోటానాగపూర్ ప్రాంతంలో మనలాంటి కథోలిక కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రైలు ఎక్కినవారి గురించి పత్రికలు రాశాయి. ఆ తర్వాత పని కోసం మళ్లీ తిరిగి వచ్చినవారి గురించి అంతగా రాయలేదు.

ఈ పిల్లలకు మార్పు అనేది ఎప్పుడో ఒకసారి వచ్చే కష్టం కాదు, ఏడాదికోసారి వచ్చే వలస. ఒక సైటు అయిపోతే మేస్త్రీ ఇంకో సైటుకు తీసుకెళతాడు. ఒడియాలో మొదలైన అక్షరాలు తెలుగులో ఆగిపోతాయి. పదేళ్ల అక్క చంకలో తమ్ముడు ఉంటాడు. ఆ చెయ్యి పలక పట్టలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, మధ్యలో చదువు ఆగిన పిల్లను కూడా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. జనన ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు. ఈ సంగతి సైటులో ఉన్న తల్లికి తెలియదు. మనకు తెలిస్తే, వాళ్ల వెంట ఒకరోజు బడి దాకా వెళ్లగలం. తిరుకుటుంబం రాత్రికి రాత్రి ఐగుప్తుకు వలసపోయిన కథను ఏటా క్రిస్మస్ కాలంలో వింటూనే ఉన్నాం. హిందీ పూజ లేదని వెనుక బెంచీలో అర్థంకాక కూర్చుని వెళ్లిపోయే ఆ కుటుంబాన్ని పలకరించడానికి మాత్రం మనకు భాష అడ్డమొస్తుంది.

మంచి మార్పులు కూడా పిల్లలకు బరువే సుమా. మనిషి జీవితంలో వచ్చే సంఘటనలకు ఒక్కొక్కదానికి ఇంత బరువు అని అంకెలు వేసే పద్ధతిని 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు ప్రచురించారు. 1972లో కాడింగ్టన్ అనే వైద్యుడు పిల్లల కోసం అలాంటి పట్టిక తయారుచేశాడు. తల్లిదండ్రుల మరణం, విడిపోవడం వంటివి అందులో ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు తమ్ముడు పుట్టడం, కొత్త బడి, తల్లి ఉద్యోగంలో చేరడం, చివరికి పిల్లవాడు ఏదైనా ఘనవిజయం సాధించడం కూడా ఉన్నాయి! సర్దుకోవలసింది ఏదైనా బరువే అని అతని ఉద్దేశం. కాబట్టి పెద్ద ఫ్లాటుకు మారిన నెలలో, డాలస్ నుంచి తిరిగివచ్చిన ఏడాదిలో పిల్లవాడు పెంకెతనం చేస్తే "అన్నీ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి?" అనకండి. ఒకే ఏడాది ఇల్లు, బడి, స్నేహితులు మూడూ మార్చవలసి వస్తే, కనీసం ఒకదాన్ని కొంతకాలం ఆపగలమా అని చూడండి.

మళ్లీ మన కుర్రవాడి ఇంటికి వద్దాం. తండ్రితో మాట్లాడాను. మొదట ఆయనకు కోపం వచ్చింది. "చిన్నపిల్లలకు ఇవన్నీ చెప్పి భయపెట్టమంటారా?" అన్నారు. భయం ఇప్పటికే ఉంది, దానికి పేరు మాత్రమే లేదు అన్నాను. ఏం చెప్పాలో ఇద్దరం కూర్చుని మాటలు వెతుక్కున్నాం. ఇంచుమించు ఇలా వచ్చాయి: "నాన్నా, కంపెనీలో చాలామందిని తీసేశారు. నన్ను కూడా తీసేశారు. నేను ఇంకో పని వెతుక్కుంటున్నాను. నువ్వు సైకిలు అడగడానికీ దీనికీ ఏ సంబంధం లేదు. నీ చదువు, మన అన్నం సంగతి నేనూ అమ్మా చూసుకుంటాం. సైకిలు మాత్రం ఈ సంవత్సరం కొనలేం."

ఆ చివరి వాక్యం దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. "త్వరలో కొంటాను అంటే పోదా?" అన్నారు. వద్దన్నాను. నిలబెట్టుకోలేని మాట కంటే, కొనలేం అన్న నిజాన్ని పిల్లవాడు తేలికగా మోస్తాడు. బడి మార్చవలసి వస్తే అది కూడా ముందే చెప్పాలి, చివరిరోజు కాదు. అన్నీ చెప్పాలని కూడా కాదు. అప్పు ఎంత, ఎవరు ఏమన్నారు, మామయ్య డబ్బు ఎందుకు ఇవ్వలేదు, ఇవి పిల్లల ముందు పరిచే విషయాలు కావు. కొందరు తల్లులు పదిహేనేళ్ల కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని భర్త మీద ఉన్నవన్నీ చెప్పుకుంటారు. గుండె బరువు దిగుతుంది, నిజమే. దిగింది ఎవరి మీద? అలాగే "తాతయ్యకు చెప్పకు, చర్చిలో ఎవరికీ చెప్పకు" అని పిల్లల నోటికి తాళం వేయడం కూడా వాళ్ల మీద పెట్టే మూటే. ఎవరైనా అడిగితే "డాడీనే అడగండి" అనమని నేర్పితే చాలు.

ఇల్లు కదిలినప్పుడు కదలకుండా ఉండే వస్తువులు రెండు మూడు పిల్లవాడికి కావాలి. అవి ఖరీదైనవి కావు. రాత్రి ఎనిమిదింటికి అందరూ కలిసి అన్నం, ఆ తర్వాత కుటుంబ ప్రార్థన, పడుకునే వేళ. ఉద్యోగం పోయిన ఇంట్లో ముందుగా చెదిరేవి ఇవే. తండ్రి పడుకోడు, తల్లి తినదు, పిల్లవాడు ఫోను పట్టుకుంటాడు. వాటిని పట్టుదలగా నిలబెట్టాలి. కాస్త పెద్ద పిల్లలకు ఇంట్లో ఒక నిజమైన పని అప్పగించండి. కూరగాయల లెక్క రాయడమో, చెల్లెలికి ఎక్కాలు చెప్పడమో, ఏదైనా సరే. కోపంలో చెయ్యి చేసుకుంటే తర్వాత పిల్లవాడి దగ్గరకు వెళ్లి "తప్పు నాది" అనడానికి సిగ్గుపడకండి. తరగతి టీచరుకు రెండు మాటలు చెప్పి ఉంచండి, లేకపోతే ఆమెకు కనిపించేది హోంవర్కు చేయని పిల్లవాడే.

విచారణ పెద్దలకూ ఒక మనవి. గుడి గేటు దగ్గర, పిల్లల ఎదుట, "ఏమయ్యా, ఇంకా ఏమీ దొరకలేదా?" అని అడగకండి. సానుభూతితోనే అడుగుతారు, నాకు తెలుసు. ఆ క్షణంలో పిల్లవాడు తండ్రి మొహం వైపు చూస్తాడు, అదీ నాకు తెలుసు. విన్సెంట్ డి పాల్ సభవారు పేద ఇళ్లకు చేసే సాయం గొప్పది. పదకొండో అంతస్తులో ఉన్నవాడు ఆ సభ తలుపు తట్టడు. అతనికి బియ్యం అక్కరలేదు. ఒకరు ఇంటికి వచ్చి టీ తాగి, పిల్లలతో క్యారమ్స్ ఆడి వెళితే చాలు.

ఇది మెత్తని మాటగా అనిపిస్తే, హవాయి దీవుల్లో కవాయ్ అనే చిన్న దీవి సంగతి వినండి. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో కలహాలు, తాగుడు, తల్లిదండ్రుల మానసిక వ్యాధి వంటివి అనేకం కలిసి మీదపడిన పిల్లల్లో సైతం మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లలో తరచుగా కనిపించిన అంశం, తమను విడిచిపెట్టని ఒక పెద్దమనిషి. తల్లో తండ్రో కానక్కర్లేదు. అవ్వ కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటివారు కావచ్చు, చర్చి పెద్ద కావచ్చు.

మన కుర్రవాడి కడుపునొప్పి తండ్రి చెప్పిన మర్నాడే పోలేదు. దసరా సెలవుల దాకా వస్తూ పోతూ ఉంది. తండ్రికి తర్వాత తక్కువ జీతానికి పని దొరికింది, బడి మార్చవలసి వచ్చింది, కొత్త బడిలో మళ్లీ పదిహేను రోజులు నొప్పి వచ్చింది. ఈసారి వాడే "భయంగా ఉంది డాడీ" అన్నాడట. పీఠ సేవకు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు గాయక బృందంలో, వెనుక వరుసలో పాడుతున్నాడు.

పిల్లవాడిలో మార్పు నెల దాటినా తగ్గకపోతే, తిండి, నిద్ర బాగా పడిపోతే, "నేను లేకపోతే బాగుండు" వంటి మాట ఒక్కసారి అన్నా, తనను తాను గాయపరచుకున్నా, ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికో మానసిక వైద్యుడికో చూపించండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలి-మానస్ సేవ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లవాడు ఇంట్లో గాని, సైటులో గాని, మరెక్కడైనా గాని ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే 1098కు ఫోను చేయండి. పిల్లలే స్వయంగా కూడా చేయవచ్చు.